చిన్నపాపతో ఆఫీసు దారి, విశాఖ ఎత్తుపల్లాలు: తేలికైన ఎలక్ట్రిక్ బండి ఏది తీసుకోవాలి?

సీతమ్మధార_అమ్మ

అందరికీ నమస్తే. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నాను, అడగడం మాత్రం ఇదే మొదటిసారి. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది విశాఖ, సీతమ్మధార. పెద్దవాడికి ఎనిమిదేళ్లు, చిన్నదానికి మూడున్నర. వాడి స్కూలు, దాని ప్లేస్కూలు రెండూ ఎంవీపీ కాలనీలో పక్కపక్క వీధుల్లో ఉన్నాయి. నా ఆఫీసు సిరిపురంలో. పొద్దున ఇద్దర్నీ దింపి అటునుంచి అటే ఆఫీసుకి వెళ్తాను. మధ్యాహ్నం చిన్నదాన్ని మా అమ్మ ఆటోలో తెచ్చేసుకుంటుంది, సాయంత్రం పెద్దవాణ్ని ఎక్కించుకుని రైతుబజారు మీదుగా ఇంటికి. ఎంత తిరిగినా రోజుకి 18, 20 కిలోమీటర్లు దాటదు.

ఇప్పుడు నడుపుతున్నది మావారి 125 సీసీ పెట్రోలు స్కూటరు. నేను ఐదడుగులు, 48 కిలోలు. కాలేజీలో స్కూటీ పెప్ నడిపాను, అది బొమ్మలా ఉండేది, ఎక్కడ కావాలంటే అక్కడ తిప్పేసేదాన్ని. ఈ బండి అలా కాదు. పోయిన నెల మా అపార్ట్‌మెంటు సెల్లార్ నుంచి ర్యాంపు ఎక్కి పైకి వస్తుంటే సరిగ్గా గేటు దగ్గర ఆటో అడ్డం వచ్చింది. బ్రేకు వేశాను, కాలు కింద పెట్టాను, వాలు కదా, వేళ్ల కొనలు మాత్రమే ఆనాయి. బండి ఎడమవైపుకి ఒరగడం మొదలుపెట్టింది. ఒరుగుతోందని తెలుస్తూనే ఉంది, ఆపడం నావల్ల కాలేదు. మెల్లగానే పడ్డాం, పెద్దవాడు గెంతేశాడు, చిన్నదాని మోచెయ్యి గీసుకుపోయింది. అంతకుమించి ఏమీ కాలేదు. కానీ ఇప్పుడు బండి తీసిన ప్రతిసారీ ఆ ర్యాంపు చివరికి వచ్చేసరికి నాకు టెన్షన్, చేతులు చెమట పట్టేస్తాయి.

అందుకే బాగా తేలికైన ఎలక్ట్రిక్ బండి చూస్తున్నాను. లక్ష లోపు అయితే మంచిది, ఇంకో పదిహేను వేలు ఎక్కువైనా సర్దుకుంటాం. మేం మూడో అంతస్తు, లిఫ్టు ఉంది, కింద పార్కింగ్‌లో ప్లగ్గు పాయింటు లేదు. దుకాణాల్లో లైసెన్సు, రిజిస్ట్రేషన్ ఏవీ అక్కర్లేదని 25 స్పీడువి చూపిస్తున్నారు, అరవై, డెబ్బై వేలే, చెయ్యి వేస్తే కదిలిపోతున్నాయి. అవి తీసుకోవచ్చా? మన ఊరి ఎత్తుపల్లాలకి సరిపోతాయా? పిల్లలతో నడిపేవాళ్లు, ముఖ్యంగా నాలాంటి పొట్టివాళ్లు, మీకు ఏది కుదిరిందో చెప్పండి.

పద్దు_మాస్టారు

అమ్మా, మీరు అడిగిన 25 స్పీడు బండి సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే చాలామంది అక్కడే డబ్బులు పోగొట్టుకుంటున్నారు. నేను ఫిజిక్సు చెప్పేవాణ్ని, లెక్క వేసి చూపిస్తే మీకే అర్థమవుతుంది.

లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని బండి అంటే రూల్సు ప్రకారం దాని మోటారు అరగంటపాటు ఆగకుండా ఇవ్వగల శక్తి 250 వాట్లలోపే ఉండాలి, వేగం గంటకి 25 కిలోమీటర్లు దాటకూడదు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలకి మించకూడదు. తేలిగ్గా ఉండటానికి కారణం అదే. ఇప్పుడు బండి బ్యాటరీతో 75 అనుకుందాం. మీరు 50, పాప 15, బ్యాగులు 5. మొత్తం 145 కిలోలు. నూరడుగులు ముందుకెళ్తే ఆరడుగులు పైకి లేచే రోడ్డు మీద, బీచ్ నుంచి వాల్తేరు అప్‌ల్యాండ్స్ వైపు ఎక్కే దారుల్లో ఇలాంటి ముక్కలు తగులుతూనే ఉంటాయి, ఈ 145 కిలోల్ని గంటకి 20 కిలోమీటర్ల వేగంతో లాగాలంటే టైర్ల రాపిడి కూడా కలుపుకుని దాదాపు 570 వాట్లు కావాలి. మోటారు దగ్గర ఉన్నవి 250. అంటే ఆ ఎత్తు మీద మీ వేగం గంటకి 9 కిలోమీటర్లకి పడిపోతుంది. చిన్న ఎత్తయితే మోటారు కాసేపు ఎక్కువ శక్తి ఇచ్చి గట్టెక్కిస్తుంది, ఎత్తు పొడుగైతే వేడెక్కి నీరసపడుతుంది. వెనక బస్సు హారన్ కొడుతుంటే పాపని పెట్టుకుని ఆ వేగంతో ఎక్కడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇంకో మాట. కొన్ని దుకాణాల్లో ఏదో వైరు తీసి స్పీడు పెంచి ఇస్తామంటారు. అలా పెంచిన క్షణం నుంచి అది చట్టం లెక్కలో మోటారు వాహనం. నంబరు లేదు, ఇన్సూరెన్సు లేదు. ఎవరికైనా తగిలితే మీ పరిస్థితి ఏమిటి? చవక బండ్లలో లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉందేమో కూడా అడగండి. అది బరువెక్కువ, ఆయుష్షు తక్కువ.

చదునుగా ఉండే ఊళ్లో, కాలనీలోపల కూరగాయలకి వెళ్లడానికైతే నేను వద్దనను. విశాఖలో పిల్లలతో రోజూ తిరగడానికి మాత్రం వద్దు.

ఇసుకతోట_అక్క

చెల్లీ, నీ పోస్టు చదువుతుంటే నా రోజులు గుర్తొచ్చాయి. నేనూ పొట్టిదాన్నే. నాలుగేళ్లుగా ఎలక్ట్రిక్ స్కూటర్ నడుపుతున్నాను, నాకు బాగా నచ్చింది, పెట్రోలు బంకు క్యూ లేదు, కరెంటు బిల్లులో నాకు పెద్ద తేడా కూడా కనపడలేదు. ఏ కంపెనీది కొన్నా సరే, నాకు జరిగింది మాత్రం గుర్తుపెట్టుకో.

మా వాడికి అప్పుడు నాలుగేళ్లు. ముందు నిలబెట్టుకునేదాన్ని, కళ్లముందే ఉంటాడని ధైర్యం. ఒకరోజు స్కూలు గేటు దగ్గర బండి ఆపి ఇంకో తల్లితో మాట్లాడుతున్నాను. ఒక కాలు కింద, ఒక చెయ్యి హ్యాండిల్ మీద. పెట్రోలు బండయితే ఇంజను చప్పుడు వినపడుతుంది, ఆఫ్ చేయాలని మనకే తోస్తుంది. దీనికి చప్పుడే లేదు, ఆన్‌లో ఉందన్న సంగతే మర్చిపోయాను. వాడు ఊరికే ఆడుకుంటూ యాక్సిలరేటర్ తిప్పాడు. బండి ఒక్క గెంతు గెంతి ఎదురుగా ఉన్న బండ్ల మీదకి పోయింది. బ్రేకు పట్టేసరికి వాడి గడ్డం హ్యాండిల్‌కి కొట్టుకుంది, రెండు కుట్లు పడ్డాయి. ముందు ఇంకో పిల్లాడు నిలబడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది.

ఆ తర్వాత నుంచి నాకు ఒకే అలవాటు. చక్రం ఆగితే తాళం ఆఫ్. పిల్లాడు ఎక్కేటప్పుడు ఆఫ్, దిగేటప్పుడు ఆఫ్. సైడ్ స్టాండు వేస్తే మోటారు ఆగిపోయే సదుపాయం ఉన్న బండే తీసుకో, అయినా దాన్నే నమ్ముకోవద్దు, తాళం తిప్పెయ్.

వాల్తేరు_వాసి

అక్క చెప్పింది నిజమే గానీ ముందు నిలబెట్టడాన్ని మరీ తప్పుపట్టకండి. వెనక కూర్చోబెడితే నిద్రపోతారు, పక్కకి ఒరుగుతారు, మనకి తెలియదు. మా పాపని ముందే నిలబెట్టుకుని రెండేళ్లు తిప్పాను, తాళం విషయంలో జాగ్రత్తగా ఉంటే చాలు కదా?

ఇసుకతోట_అక్క

తమ్ముడూ, తాళం సంగతి ఒక్కటే కాదు. సడన్ బ్రేకు వేస్తే ముందున్న పిల్లలు పోయి కొట్టుకునేది హ్యాండిల్‌కీ అద్దానికీ. వాళ్ల ముఖం సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. పైగా పాప నిలబడి ఉంటే హ్యాండిల్ పూర్తిగా తిరగదు, యూ టర్న్ దగ్గర ఇబ్బంది పడేది అందుకే. నిద్రపోతే ఒరుగుతారన్న భయానికే పిల్లల్ని మనకి కట్టుకునే బెల్టు ఉన్నది. దానికి రూల్ కూడా ఉంది, తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

చట్టం_చదివినవాడు

ఆ రూల్ నేనే రాస్తాను. సెంట్రల్ మోటారు వాహనాల రూల్సుకి 2022 ఫిబ్రవరి 15న సవరణ వచ్చింది, ఏడాది తర్వాత, అంటే 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది. నాలుగేళ్లలోపు పిల్లల్ని టూవీలర్ మీద తీసుకెళ్తే పిల్లలకి సేఫ్టీ హార్నెస్ ఉండాలి. అది చొక్కాలా తొడిగే బెల్టు. దాని పట్టీలు నడిపేవాళ్ల భుజాలకి తగిలించుకుంటారు, అప్పుడు పాప పైభాగం మీ వీపుకి అతుక్కుని ఉంటుంది, నిద్రపోయినా జారదు. 30 కిలోల వరకు ఆపగలిగేదై ఉండాలి. తొమ్మిది నెలలు దాటిన పిల్లలకి హెల్మెట్ ఉండాలి. వేగం గంటకి 40 దాటకూడదు. నాలుగేళ్లు దాటితే పెద్దవాళ్లలాగే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129 కింద హెల్మెట్ తప్పనిసరి. తల చుట్టూ టేపుతో కొలిచి ఆ సైజు కొనండి, ఎదిగే పిల్లలు కదా అని ఒక సైజు పెద్దది తీసుకుంటే దెబ్బ తగిలే సమయానికి అది తల మీద ఉండదు.

ఇక మేడమ్, మీకు కాస్త కష్టంగా అనిపించే మాట. ఇద్దరు పిల్లల్నీ ఒకేసారి తీసుకెళ్లడం చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 128 ప్రకారం నడిపేవాళ్లు కాక ఇంకొక్కరే ఎక్కాలి. పిల్లలైతే పర్వాలేదని అందులో ఎక్కడా లేదు. 2023లో చిన్నపిల్లల్ని మూడోవాళ్లుగా తీసుకెళ్లనివ్వమని కేరళ నుంచి కేంద్రాన్ని అడిగారు, కుదరదన్నారు. జరిమానా వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సు పనికిరాకుండా చేసే వీలు కూడా ఉంది. ఊళ్లో అందరూ ముగ్గురేసి, నలుగురేసి వెళ్తున్నారు, పోలీసులు కూడా తల్లీపిల్లల్ని చూసి వదిలేస్తారు, నాకు తెలుసు. అయినా మీరు ర్యాంపు మీద పడిన రోజు బండి మీద ముగ్గురున్నారు. ఆ ముగ్గురి బరువులో దాదాపు సగం మీ పిల్లలదే.

సీతమ్మధార_అమ్మ

అందరికీ థ్యాంక్స్. మాస్టారూ, మీ లెక్క మావారికి చదివి వినిపించాను, 25 స్పీడు బండి ఆలోచన అక్కడితో మానేశాం.

చట్టం గారూ, మీరు రాసింది రాత్రి రెండుసార్లు చదివాను. ఇద్దర్నీ తీసుకెళ్లడం తప్పని నాకు తెలియక కాదు. స్కూలు బస్సు ఫీజు ఏడాదికి ఇరవై వేలు పైన అడిగారు, అప్పుడు వద్దనుకున్నాం. పెద్దవాణ్ని బస్సులో పంపడం గురించి ఇంట్లో మళ్లీ మాట్లాడుతున్నాం. ఒకవేళ నేనూ చిన్నదీ మాత్రమే అయితే ఏ బండి చూడాలి? షోరూముల్లో కిలోమీటర్లు, యాప్, స్క్రీను చెప్తున్నారు తప్ప బరువు అడిగితే కాగితం వెతుక్కుంటున్నారు.

స్పానర్_బాబాయ్

అమ్మా, గాజువాక వైపు మాకు చిన్న షెడ్డు ఉంది. పెట్రోలు బండ్లతో మొదలుపెట్టి ఇప్పుడు సగానికి పైగా ఎలక్ట్రిక్‌వే చేస్తున్నాను. నాకు తెలిసింది చెప్తాను, ఏ కంపెనీ మనిషినీ కాదు.

ముందు బరువులు. మీరు నడిపిన స్కూటీ పెప్ 93 కిలోల దరిదాపుల్లో, మామూలు యాక్టివా 106 దరిదాపుల్లో. ఎలక్ట్రిక్‌లో ఫ్యామిలీ బండి అని అమ్మే ఏథర్ రిజ్టా 119, టీవీఎస్ ఐక్యూబ్ చిన్న బ్యాటరీది కూడా 115. అంటే ఎలక్ట్రిక్ అంటే తేలిక అన్నది నిజం కాదు. నాకు తెలిసి పెద్ద కంపెనీల్లో బాగా తక్కువ బరువున్నది హోండా క్యూసీ1, 89.5 కిలోలు, 1.5 యూనిట్ల బ్యాటరీ, 50 స్పీడు, కంపెనీ లెక్కలో 80 కిలోమీటర్లు. పాపతో మీరు 40 దాటకూడదు కాబట్టి 50 స్పీడు మీకు తక్కువేం కాదు. కానీ దాని బ్యాటరీ బయటికి రాదు, కింద ప్లగ్గు లేదంటున్నారు. పైగా అది మొదట ఆరు ఊళ్లలోనే అమ్మారు, మన రాష్ట్రాల్లో హైదరాబాద్ ఒక్కటే. సర్వీసు మన ఊళ్లో లేని బండి ఎంత మంచిదైనా కొనొద్దు. చిన్న పార్టు కోసం బండి మూలన పడి ఉంటే ఆఫీసుకి ఎలా వెళ్తారు?

ఇప్పుడు అసలు విషయం. బండి బరువు కదిలేటప్పుడు తెలియదు, ఆగినప్పుడు తెలుస్తుంది. నిటారుగా ఉన్నంతసేపు 120 కిలోలైనా రెండు వేళ్లతో ఆపొచ్చు. ఒక జానెడు ఒరిగిందంటే 90 కిలోలదైనా లాగేస్తుంది. అందుకని మీరు కాగితం మీద కిలోలు చూడటం కంటే పాదం ఎంత ఆనుతోందో చూడండి. సీటు ఎత్తు ఒక్కటే కాదు, సీటు ముందుభాగం వెడల్పుగా ఉంటే తొడలు విడిపోయి కాలు పొట్టిదైపోతుంది. ఒకే ఎత్తున్న రెండు బండ్లలో ఒకదాని మీద మీ పాదం సగం ఆనుతుంది, ఇంకోదాని మీద వేళ్లే. రోజూ వేసుకునే చెప్పులతోనే కూర్చుని చూడండి.

రెండోది, పెద్ద బ్యాటరీ ఆశకి పోవద్దు. బ్యాటరీలో ఒక యూనిట్ కరెంటు పట్టడానికి పెట్టెతో సహా దాదాపు ఆరేడు కిలోలు అవుతుంది. మూడున్నర యూనిట్ల బండికీ రెండు యూనిట్ల బండికీ ఆ ఒక్కదానిలోనే పది కిలోల దాకా తేడా. మీరు తిరిగేది 20 కిలోమీటర్లు. కంపెనీ 90 అని చెప్తే మన ఊళ్లో 60 వస్తుందనుకోండి, ఎత్తులకి ఇంకొంచెం తీసెయ్యండి, అయినా రెండు రోజులకి ఒకసారి చార్జింగ్ పెడితే సరిపోతుంది. ఎప్పుడో ఒకసారి భీమిలి వెళ్లడం కోసం రోజూ పది కిలోలు మోయడం ఎందుకు? హుద్‌హుద్ తుఫాను అప్పటిలా రోజుల తరబడి కరెంటు లేకపోతే అని మా ఆవిడ అడుగుతుంది. 2014లో ఆ వారం పెట్రోలు బంకుల దగ్గర కూడా కిలోమీటర్ల క్యూలే కదా.

మూడోది, రివర్సు. సెల్లార్‌లో రెండు కార్ల మధ్య నుంచి బండి వెనక్కి లాగడంలోనే ఆడవాళ్ల నడుములు పట్టేస్తున్నాయి. రివర్సు ఉన్న బండి అయితే ఆ బాధ పోతుంది.

చక్రం విషయం కూడా చూడండి. పది అంగుళాల చక్రం గుంతలో దిగబడుతుంది, పన్నెండు అయితే దాటుతుంది. కొన్నింటికి మోటారు వెనక చక్రంలోనే ఉంటుంది. ట్యూబ్‌లెస్ కాబట్టి మేకు దిగితే చక్రం విప్పకుండానే ప్లగ్గు వేసేస్తాం, కానీ టైరు మార్చాలంటే వైర్లు విప్పాలి, రోడ్డు పక్కన పంక్చర్ షాపువాళ్లు చెయ్యి పెట్టరు. బీచ్ దగ్గర ఉండేవాళ్లయితే చార్జింగ్ సాకెట్‌కి మూత సరిగ్గా పడుతోందో లేదో చూసుకోండి, ఉప్పుగాలికి పిన్నులు ఆకుపచ్చగా చిలుము పట్టి నా దగ్గరికి వస్తుంటాయి.

స్టాండు వేయడం కూడా చెప్తాను, ఎవరూ నేర్పరు. వెనక హ్యాండిల్ పట్టుకుని బండిని పైకి లేపడానికి చూడొద్దు. స్టాండు కాళ్లు రెండూ నేలకి ఆనేదాకా పాదంతో నొక్కి, మీ బరువంతా ఆ పాదం మీద వేసి నిలబడండి. చెయ్యి ఊరికే దారి చూపిస్తుంది, బండి దానంతట అదే వెనక్కి ఎక్కుతుంది. మా అమ్మాయి 45 కిలోలు, 118 కిలోల బండిని అలాగే స్టాండు వేస్తుంది.

మ్యూనిక్_తెలుగమ్మాయి

నేను వేరే దేశం నుంచి రాస్తున్నాను, నేరుగా పనికొస్తుందో లేదో మీరే చూసుకోండి. మాది విజయనగరం, ఇప్పుడు మ్యూనిక్‌లో ఉంటున్నాం. ఇక్కడ మోటారు సాయం ఉన్న సైకిలు మీదే బాబుని దింపి ఆఫీసుకి వెళ్తాను. 250 వాట్లు, 25 దాటితే మోటారు సాయం ఆగిపోతుంది, మనం తొక్కుతుంటేనే పనిచేస్తుంది. అంకెలు ఇండియాలో ఉన్నవే, కానీ ఇక్కడ సైకిళ్లకి వేరే దారి ఉంది, అందుకే కుదురుతోంది. ఎంవీపీ డబుల్ రోడ్డు మీద బస్సుల పక్కన పిల్లాడితో సైకిలు తొక్కమని నేను ఎవరికీ చెప్పను.

తేలికైనది కొనడం గురించి మాత్రం నేను నేర్చుకున్నది ఒకటుంది. నా మొదటి సైకిలు 27 కిలోలు, నేలమాళిగ నుంచి పదకొండు మెట్లు రోజూ పైకి మోసేదాన్ని, నెలకే నడుం నొప్పి. తర్వాత 19 కిలోలది తీసుకున్నాను. మెట్ల దగ్గర హాయి. కానీ బాబు సీట్లో కూర్చున్నాక ఆ తేలిక సైకిలే ఎక్కువ ఊగింది, ఎందుకంటే వాడు 16 కిలోలు, సైకిలు బరువుకి దాదాపు సమానం, అదీ పైన. వాడు ఒక పక్కకి వంగి పిల్లిని చూస్తే హ్యాండిల్ ఇటు కదిలేది. కాబట్టి ఖాళీ బండిని చూసి మురిసిపోకండి, పాపంత బరువు వెనక పెట్టి చూడండి.

ఇంకోటి, ఇక్కడ అందరు తల్లులూ పాటించేది: పిల్లలు అందరికంటే ఆఖర్న ఎక్కాలి, అందరికంటే ముందు దిగాలి. బ్యాగులు తగిలించడం, గేటు తీయడం, ఫోను చూసుకోవడం అన్నీ అయ్యాకే బాబుని కూర్చోబెడతాను. స్టాండు మీద ఉన్న సైకిలు మీద వాణ్ని వదిలి అడుగు కూడా పక్కకి వేయను. ఏడేళ్లు నిండేదాకా పిల్లల్ని సీట్లో తీసుకెళ్లనిస్తారు, కానీ కాళ్లు చక్రం పుల్లల్లోకి పోకుండా అడ్డు ఉండాలని ఇక్కడ రూలు. మన స్కూటర్లకి చీర చిక్కకుండా వెనక చక్రానికి సగం దాకా అడ్డు ఉండాలన్న రూలు ఎప్పటినుంచో ఉంది కదా. మీరు కొనే బండికి అది సరిగ్గా ఉందో, పాప మడమ ఎక్కడికి వస్తోందో కూర్చోబెట్టి చూడండి. మూడున్నరేళ్ల పిల్లకి పెద్దవాళ్ల ఫుట్‌రెస్టు అందదు. కాళ్లు గాల్లో వేలాడితే ఒక పక్కకి జారుతుంది.

పద్దు_మాస్టారు

పార్కింగ్‌లో ప్లగ్గు లేదన్నారు కదా అమ్మా. 2024 ఫిబ్రవరిలో కేంద్రం కరెంటు వినియోగదారుల హక్కుల రూల్సు సవరించింది, ఎలక్ట్రిక్ బండి చార్జింగ్‌కి వేరే కనెక్షన్ అడిగి తీసుకోవచ్చు. మీ అసోసియేషన్‌తో మాట్లాడి చూడండి. ఇద్దరు ముగ్గురు కలిసి అడిగితే ఇంకా తేలిక. ఈలోపు బ్యాటరీ ఇంట్లోకి తెచ్చుకునే పనైతే పడుకునే గదిలో, గుమ్మానికి అడ్డంగా ఎక్కడా పెట్టకండి. కంపెనీ ఇచ్చిన చార్జర్ తప్ప ఇంకోటి వాడకండి. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి పైన లాడ్జిలో ఉన్న ఎనిమిది మంది పోయారు. ఆ ఏడాదే బ్యాటరీల భద్రతా రూల్సు గట్టిపరిచారు, 2022 డిసెంబర్‌లో కొన్ని, 2023 మార్చి 31 నుంచి మిగతావి. పాతది, సెకండ్‌హ్యాండ్‌ది తీసుకుంటే తయారీ తేదీ చూసుకోండి.

సీతమ్మధార_అమ్మ

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోకండి. రెండు ఆదివారాలు షోరూములే తిరిగాం.

మ్యూనిక్ నుంచి చెప్పిన మాట పట్టుకుని ఇంట్లో ఉన్న పదిహేను కిలోల బియ్యం సంచీ పట్టుకెళ్లాం. వెనక సీటు మీద తాడుతో కట్టి నడుపుతామంటే మొదటి షోరూములో ఒప్పుకోలేదు, రెండోచోట ఒప్పుకున్నారు. చాలా తేడా తెలిసింది. ఖాళీగా ఉన్నప్పుడు నాకు బాగా నచ్చిన బండి, సంచీ కట్టి వాళ్ల పార్కింగ్ వాలు మీద ఆపగానే అదే పాత భయం వచ్చేసింది, సీటు వెడల్పు. బాబాయ్ చెప్పింది అక్షరాలా నిజం. ఇంకోదాని మీద కిలోలు పెద్దగా తక్కువేం కాదు, కానీ రెండు పాదాలూ ముందుసగం దాకా ఆనుతున్నాయి. వాలు మీద ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ కదిలించాను. మూడుసార్లు చేశాను. చేతులు చెమట పట్టలేదు.

చివరికి విడా వీఎక్స్2 గో తీసుకున్నాం, 2.2 యూనిట్లది, బ్యాటరీ బయటికి తీయొచ్చు. బ్యాటరీ పది కిలోల పైమాటే, లిఫ్టు ఉంది కాబట్టి సరే, లిఫ్టు లేనివాళ్లకి ఇది రోజువారీ పని అవుతుంది, ఆలోచించుకోండి. హాల్లో బాల్కనీ పక్కన నేల మీద పెట్టి చార్జింగ్ చేస్తున్నాం. అసోసియేషన్‌లో ప్లగ్గు గురించి ఇంకో ఇద్దరం కలిసి కాగితం ఇచ్చాం.

పెద్దవాడు వచ్చే సోమవారం నుంచి స్కూలు బస్సు. రెండు రోజులు అలిగాడు, అమ్మతో వెళ్లేది చెల్లెలొక్కతేనా అని. శనివారం సాయంత్రాలు వాడూ నేనూ మాత్రమే బండి మీద బీచ్‌కి వెళ్తామని చెప్పాను, ఒప్పుకున్నాడు.

చిన్నదాని బెల్టు నిన్న వచ్చింది. తొడిగి చూద్దామని తీస్తే ఇక విప్పనివ్వలేదు, దాంతోనే అన్నం తింది, హెల్మెట్ కూడా పెట్టుకుని. దాని కాళ్లు ఫుట్‌రెస్టుకి అందడం లేదు, పక్కన బిగించే చిన్న ఫుట్‌రెస్టు దొరుకుతుందా బాబాయ్? దొరికితే చెప్పండి, గాజువాక వస్తాను.

రేపు పొద్దున్నే, ఇంకా ఎవరూ లేవకముందు, ఒక్కదాన్నే సెల్లార్ ర్యాంపు మీద పదిసార్లు ఎక్కి దిగుతాను. ఆ తర్వాతే పాపని ఎక్కించుకుంటాను.

స్పానర్_బాబాయ్

దొరుకుతుందమ్మా. గురువారం తప్ప ఏ రోజైనా రండి, పాపని కూడా తీసుకురండి, కాలు కొలిచి బిగించాలి.